బిలాస్‌పూర్‌లో ఒక కత్తిపిడి

మన కర్మాగారానికి రావలసిన కొన్ని విడిభాగాలను తనిఖీ చేసే నిమిత్తం మొన్న ఫిబ్రవరి నెలాఖరున మేము బిలాస్‌పూర్ వెళ్ళవలసి వచ్చింది. తనిఖీ ఒక్కరోజు పని. అయినా దానికి మూడు రోజుల సెలవు జతచేసి, మా శ్రీమతిని కూడ వెంటబెట్టుకొని బయలుదేరాము. కారణం మా అత్తయ్య. మా అమ్మగారి తమ్ముడు బిలాస్‌పూర్ లోకోషెడ్డులో ఫిట్టరుగా పనిచేసి అక్కడే పదవీ విరమణ చేశారు, అక్కడే కాలం చేశారు. ఆయన భార్య ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళ వయస్సులో తోర్వా వైపున్న రెండు గదుల ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. కొడుకులలో ఒకరు పూణేలో, ఒకరు హైదరాబాదులో స్థిరపడ్డారు. తమ వద్దకు వచ్చి ఉండమని వారు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నారు. ఆమె కదలరు.

విశాఖపట్నం నుంచి కోర్బా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ రాత్రిపూట బయలుదేరుతుంది. విజయనగరం, పార్వతీపురం, రాయగడ దాటేసరికి బండిలో అందరూ నిద్రలో ఉంటారు. తెల్లవారేసరికి కొండలు వెనుకబడి, కోత ముగిసిన వరిమళ్ళు కనుచూపు మేర పరుచుకొని కనిపిస్తాయి. విజయనగరం–రాయపూర్ మార్గాన్ని ఆనాటి బెంగాల్–నాగపూర్ రైల్వే వారు 1931లో పూర్తిచేశారు. మరి రెండేళ్ళకు, 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమయింది. మధ్య పరగణాల సరుకును సముద్రానికి చేర్చడం వారి ఉద్దేశం. సరుకు ఇటు వచ్చింది, మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మనుషులు అటు వెళ్ళారు. గ్యాంగుమెన్లుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైలు పట్టణాలలో చేరి, పిల్లల పెళ్ళిళ్ళకు మాత్రం ఊరికి వచ్చేవారు. మా మామయ్యది ఆ కుదురులో బహుశా మూడవ తరం.

బిలాస్‌పూర్ పేరు బిలాసా అనే కేవటు స్త్రీ పేరు మీద వచ్చిందని స్థానికుల నమ్మకం. కేవటులు అంటే అర్పా నదిపై పడవ నడిపి, చేపలు పట్టి జీవించినవారు. ఒక బెస్త స్త్రీ పేరు మీద వెలసిన పట్టణాలు మన దేశంలో ఎన్ని ఉంటాయో మాకు తెలియదు గాని, ఈ ఊరివారు ఆ సంగతిని గర్వంగా చెప్పుకుంటారు. 19వ శతాబ్ది చివరలో రైలు వచ్చిన తరువాత ఊరి రూపు మారింది. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇది ముఖ్యకేంద్రమయింది. అంతకు ముందే 1985లో ఏర్పడిన బొగ్గు సంస్థ ప్రధాన కార్యాలయం కూడ ఇక్కడే ఉన్నది. స్టేషనులో ఒక ప్లాట్‌ఫారం పొడవు 802 మీటర్లు. మా పెట్టె ఆగిన చోటునుంచి మెట్ల వంతెన వరకు సామానుతో నడిచినవారికి ఆ అంకెను వేరుగా నిరూపించనక్కరలేదు.

ఇదే స్టేషనులో రవీంద్రనాథ ఠాగూరు వ్రాసిన 'ఫాంకీ' అనే కవితను ప్రదర్శించి ఉంచారు. జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తూ ఒక భర్త బిలాస్‌పూర్‌లో రైలు మారడానికి ఆగుతాడు. అక్కడ ఒక పేదరాలికి కూతురి పెళ్ళి కోసం ఇరవై అయిదు రూపాయలు ఇవ్వమని భార్య కోరుతుంది. అతడు రెండు రూపాయలు చేతిలో పెట్టి, అంతా ఇచ్చానని భార్యకు చెబుతాడు. ఆ తరువాత ఆమె మరణిస్తుంది. తిరిగివచ్చి ఆ బాకీ తీర్చుదామంటే ఆ పేదరాలు ఎక్కడున్నదో చెప్పేవారుండరు. కవిత అర్థాన్ని మా శ్రీమతికి చెప్పడం ఆ పూట మేము చేసిన ఒక పొరపాటు. దాని ఫలితం తరువాత వస్తుంది.

ఇక కత్తి విషయం. అత్తయ్య ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని విశాఖలోనే ఒక పెద్ద దుకాణంలో వంటకత్తి ఒకటి కొన్నాము. మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు అలుగు, అంతకన్నా మెరిసే నల్లని ప్లాస్టిక్ పిడి, అట్టపెట్టె, దానిమీద వంటవాని బొమ్మ. మెకానికల్ ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు పనిచేసిన మేము దాని అలుగు మందం చూశాము, పదును చూశాము, ధర చూశాము. పిడిని ఒకసారి పట్టుకొని బాగానే ఉన్నదనుకున్నాము. పొడి చేత్తో పట్టుకున్నామన్న సంగతి అప్పుడు తోచలేదు.

అత్తయ్య పెట్టె విప్పి చూచి సంతోషించారు. అయితే మరునాడు ఉదయం అసలు పరీక్ష వచ్చింది. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఛత్తీస్‌గఢ్ సంతలకు లేత పనసకాయ వస్తుంది. అక్కడివారు దానిని కటహల్ అని ముక్కలుగా కోసి మసాలా కూర వండుతారు. మన ఉత్తరాంధ్ర వారికి, గోదావరి జిల్లాల వారికి అది పనసపొట్టుగా మారవలసిందే. పొట్టు కొట్టిన ఇంటి నుంచి వినవచ్చే ఆ టకటక శబ్దం రైల్వే కాలనీలో తెలుగు ఇల్లు ఏదో చెప్పేదని మామయ్య అనేవారు. పనస పాలు చేతికి అంటకుండా ముందుగా చేతులకు, కత్తికి నూనె రాసుకోవాలి. అత్తయ్య వేళ్ళు కీళ్ళవాతంతో వంకరలు తిరిగి ఉన్నందున మా శ్రీమతి పూనుకొని, చేతులకు నూనె రాసుకొని, కొత్త కత్తి ఎత్తింది. నాలుగవ దెబ్బకు చెయ్యి పిడి మీదనుంచి ముందుకు జారి, చూపుడు వేలు అలుగు మడమ మీదకు వెళ్ళింది. గాయం చిన్నదే. పసుపు అద్ది గుడ్డ కట్టాము. అత్తయ్య ఆ కత్తిని తిరగేసి చూచి, "ఏట్రా నాయనా, ఇది కత్తా, సబ్బుబిళ్ళా?" అన్నారు.

అప్పుడు ఆమె అలమరలో నుంచి గుడ్డలో చుట్టిన పాత కత్తిని తీశారు. చూడగానే గుర్తుపట్టాము. మేము పదేళ్ళ పిల్లలుగా వేసవి సెలవులకు వచ్చినప్పుడు, అంటే 1980 ప్రాంతంలో, మామయ్య కమ్మరిచేత లారీ కమాను పట్టీ నుంచి ఆ కత్తి చేయించారు. ఆ పట్టీ పాత ఇనుము అంగడిలో కొన్నదే గాని రైల్వే సొత్తు కాదని ఆయన అడగనివారికి కూడ చెప్పేవారు. మేము నమ్మాము. అలుగును కమ్మరి చేశాడు గాని పిడిని మాత్రం మామయ్య స్వయంగా తునికి చేవతో చేసుకున్నారు. తునికి అంటే బీడీ ఆకు చెట్టే. హిందీలో తేందూ. ఆకు విలువ వల్ల ఛత్తీస్‌గఢ్‌లో దానిని పచ్చ బంగారమంటారు గాని, ముదిరిన చెట్టు నడిమి చేవ నల్లగా, ఇనుమంత బరువుగా ఉంటుంది. పాశ్చాత్యులు దానిని కోరమాండల్ ఎబొనీ అన్నారు. మన కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించిన రాక్స్‌బర్గ్ పండితుడే ఆ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టినవాడు.

ఆ నల్లని పిడి ఇప్పుడు నిలువునా చీలి ఉన్నది. నలభై ఏళ్ళు పనిచేసి చీలిన పిడి కొయ్య నాణ్యతను శంకించడం న్యాయం కాదు. చీలిక ఎందుకు వచ్చిందో విప్పి చూశాము. అలుగు వెనుక కొన సన్నని మేకులాగ పిడిలోనికి దిగి ఉన్నది. ఏళ్ళ తరబడి కడిగిన నీరు పొన్ను సందులోనుంచి లోపలికి దిగి, ఆ కొన తుప్పుపట్టింది. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం రెండింతలకు మించి పెరుగుతుంది. లోపలినుంచి ఆ ఒత్తిడి, బయట బిలాస్‌పూర్ ఎండ. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీల వడగాలి, జూలైలో తడి. కొయ్య నిడివిలో దాదాపు ముడుచుకోదు, అడ్డంగా మాత్రం ముడుచుకుంటుంది, సాగుతుంది. కనుక చీలిక ఎప్పుడూ పోగు వెంబడే వస్తుంది. కాంక్రీటు స్తంభాలలో కడ్డీలు తుప్పుపట్టి పెచ్చులూడడం మన కర్మాగారంలో అందరికీ తెలిసినదే. వంటింటి కత్తిపిడిలో జరిగినది అదే.

పొన్ను అన్నాము గనుక ఒక మాట. రోకలి చివర వేసే ఇనుప కట్టును మనవారు పొన్ను అంటారు. కత్తిపిడి మొదట వేసే లోహపు ఉంగరం కూడ ఆ జాతిదే. కొయ్య చీలకుండా అది పట్టి ఉంచుతుంది. జపాను వంటకత్తులలో ఆ స్థానంలో గేదె కొమ్ము ఉంగరం వేస్తారు, పిడిని తేలికైన మాగ్నోలియా జాతి కొయ్యతో చేస్తారు. వారిది ముందుకు నెట్టి, వెనక్కు లాగి సన్నగా కోసే పని గనుక పిడి తేలికగా ఉంటే చాలును. పొట్టు కొట్టేవారికి అది చాలదు.

ఈ సందర్భంలో అత్తయ్య ఇంట్లో మూలకు నిలబెట్టిన కత్తిపీటను కూడ చూశాము. మన కత్తిపీటనే బెంగాలీలు బొటి అంటారు, ఒడియావారు పనికి, మహారాష్ట్రులు విళీ, ఛత్తీస్‌గఢ్ వారు పహసుల్ అంటారు. రైల్వే కాలనీలో ఒకే వరుస క్వార్టర్లలో ఈ అయిదూ ఉండేవి. ఎవరి పీట ఎత్తు వారిది, ఎవరి అలుగు వంపు వారిది. బెంగాలీ వారి బొటి చేపకు అనువుగా పెద్దది, మన దానికి కొన్నింటికి కొసను కొబ్బరి కోరు కూడ ఉంటుంది. ఒకరి ఇంట్లో పెళ్ళయితే అన్నీ ఒకచోట చేరి, ఆడవారందరూ వరుసగా కూర్చొని కూరలు తరిగేవారని అత్తయ్య చెప్పారు. ఇంజనీరు దృష్టిలో కత్తిపీట ఒక విచిత్రమైన సాధనం. అది పిడి లేని కత్తి. పీటే దాని పిడి, మన పాదమే పట్టు. అలుగు కదలదు, కాయ కదులుతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వేళ్ళలో బలం తగ్గినవారికి నిజానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. కాని దానికి నేలమీద కూర్చోవాలి. అత్తయ్య మోకాళ్ళు అయిదేళ్ళ క్రిందటనే అందుకు ఒప్పుకోవడం మానివేశాయి. నిలబడి కోయాలంటే చేతికత్తి కావాలి, చేతికత్తికి పిడి కావాలి, ఆ పిడి ఆమె వేళ్ళకు అందాలి.

"వంట చేసుకోలేని రోజు వస్తే వెళ్ళిపోతానని పిల్లలకు మాటిచ్చేశాను. మొన్న దీపావళికి పెద్దవాడు వచ్చి, వంకాయ కొయ్యలేక నేను పడుతున్న పాటు చూశాడు. మే నెలలో వచ్చి తీసుకుపోతానన్నాడు," అని ఆమె చెప్పారు. ఇంకేమీ అనలేదు. గోడమీద మామయ్య ఫోటో, క్రింద ఆయన సుత్తి. ఆ ఇల్లు ఖాళీ అయితే ఆ సుత్తి ఎక్కడికి పోతుందన్న ఆలోచన మాకే వచ్చింది.

తనిఖీ పని ముగించుకొని ఆ సాయంత్రమే బుధ్‌వారీ బజారుకు వెళ్ళాము. రైల్వే కాలనీని ఆనుకొని ఉన్న ఈ బజారు పేరుకు బుధవారపు సంత, ఇప్పుడు అన్ని రోజులూ అంగళ్ళుంటాయి. ఆకుకూరల బారులు చూచి తీరవలసినవి. ఎర్ర తోటకూర, జనుము జాతి చేంచ్ ఆకు, మునగాకు, ఇంకా మేము పేరు తెలుసుకోలేని ఆకులెన్నో. ఛత్తీస్‌గఢ్‌లో కూరాకు లేని భోజనం లేదు, ఆకు తరగడానికి పహసుల్ లేని ఇల్లు లేదు. బజారు దాటిన తరువాత రోడ్డు ప్రక్కన ఒక లోహారు కొలిమి ఉన్నది. తిత్తి స్థానంలో కరెంటు పంకా వచ్చింది. దాగలి, సమ్మెట, పట్టకారు మాత్రం మారలేదు. గోడకు ఆనించి కొడవళ్ళు, పహసుల్ అలుగులు, అడవి గొడ్డళ్ళు. గొడ్డలిని ఇక్కడ టంగియా అంటారు, పిడిని బేంట్ అంటారు.

ఈ ప్రాంతానికి ఇనుము కొత్తది కాదు. మైకల్ కొండలలో అగరియాలనే ఆదివాసులు మట్టి కొలుములలో రాతినుంచి ఇనుము తీసేవారు. వెరియర్ ఎల్విన్ వారిని గురించి 1942లో పెద్ద గ్రంథమే వెలువరించాడు. రైలు తెచ్చిన చౌక ఇనుము వారి కొలుములను దెబ్బతీసింది. మన తెలంగాణలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కు గురించి దేశవిదేశాలలో ఎంతో వ్రాశారు. అలుగు గురించి వ్రాసినవారే గాని పిడిని గురించి వ్రాసినవారు అరుదు. అలుగు మెరుస్తుంది, పిడి మాసిపోతుంది. అందువల్ల కాబోలు.

పిడికి గౌరవం దక్కినది రాజుల ఇళ్ళలోనే. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో, 1951 నుంచి ప్రజలు చూస్తున్న ఆ సేకరణలో, జేడు రాతి గది ఒకటున్నది. జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసుకునే చాకు అక్కడివారు చూపిస్తారు. లేత ఆకుపచ్చని రాతిలో కెంపులు, పచ్చలు పొదిగిన పనితనం. ఆ బాకులతో ఎవరైనా కాయ కోశారా అన్నది మా శ్రీమతి అప్పుడు వేసిన ప్రశ్న. దానికి మేమిప్పటికీ సమాధానం చెప్పలేదు. రాయి చల్లగా ఉంటుంది, చెమట పీల్చదు, క్రిందపడితే పగులుతుంది. ఏనుగు దంతమూ అంతే, ఎండకు నెర్రెలిస్తుంది. ఇంగ్లండులోని షెఫీల్డు కత్తుల పరిశ్రమ దంతాన్ని, మన దేశపు కణుజు కొమ్మును టన్నుల కొద్దీ దిగుమతి చేసుకొని పిడులు చేసింది. దంతానికి బదులుగా 19వ శతాబ్దిలో సెల్యులాయిడు వచ్చింది, 1907లో బేకలైటు వచ్చింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ప్రపంచంలో 1989 నాటి దంతపు వ్యాపార నిషేధం ఆ కథను ముగించాయి. ముగియడమే మంచిది. మన సరిహద్దున పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో బొమ్మలు చేస్తారు. కొమ్ము వేడికి మెత్తబడి, వంచినట్లు వంగి, చల్లారాక అలాగే నిలుస్తుంది. ప్లాస్టిక్ పుట్టకముందు ప్రకృతి చేసిన ప్లాస్టిక్ అది. పిడికి చక్కగా పనికివస్తుంది గాని నూనె చేతికి అదీ జారుతుంది.

లోహారు వయస్సు అరవై పైబడి ఉంటుంది. పాత కత్తిని చూచి, అలుగును గోటితో మీటి, ఇంకొక ముప్పై ఏళ్ళు వస్తుందన్నాడు. పిడికి ఏ కొయ్య వాడాలని అడిగాము. తుమ్మ ఉన్నది, వెదురున్నది, పెద్దేగి ఉన్నది. పెద్దేగిని ఇక్కడ బీజా అంటారు. దాని కొయ్య గ్లాసులో రాత్రంతా నీరు పోసి ఉదయం త్రాగితే చక్కెర వ్యాధి తగ్గుతుందని చెప్పి అమ్ముతారు. మేము కొనలేదు, మన వైద్యశాల మాత్రలే వాడుతున్నాము. చివరకు అతడు ధౌరా కొయ్య తీశాడు. మనవారు చిరుమాను అనేది ఇదే. గొడ్డలి పిడులకు, బండి ఇరుసులకు వాడే కొయ్య. దెబ్బను తాను మింగి చేతికి పంపదు. తునికి చేవ అందంగా ఉంటుంది గాని గట్టిదనం ఎక్కువ, పొట్టు కొట్టేటప్పుడు అదురు వేలి కీళ్ళకు తగులుతుంది. వాతం ఉన్న చేతికి అది పనికిరాదని అతని వాదన. మా పాఠ్యపుస్తకాలలో అదురును అణచడం అన్న అధ్యాయాన్ని అతడు చదవలేదు, మేము చదివాము, చెప్పినది మాత్రం అతడే.

తరువాత అతడు, "చెయ్యి ఏది?" అన్నాడు. కత్తి ఇచ్చాము కదా అంటే, "బేంట్ కత్తికి చేసేది కాదు సాబ్, చేతికి చేసేది. అమ్మగారిని తీసుకురండి," అన్నాడు. ఇంటికి వెళ్ళి చెప్పాము. "పెళ్ళిచూపులకా? నేను రాను," అన్నారు అత్తయ్య. అప్పుడు మా శ్రీమతి గోధుమపిండిని గట్టిగా కలిపి, ఒక వెదురు ముక్క చుట్టూ పొదిగి, అత్తయ్య చేతికిచ్చి, కత్తి పట్టుకున్నట్లు పట్టుకోమన్నది. మూడుసార్లు పిండి కలిపాక వేళ్ళ అచ్చు సరిగా పడింది. తనిఖీ కోసం తెచ్చుకున్న వెర్నియర్ సంచిలోనే ఉన్నది. కొలిచాము. పాత పిడి మందం 24 మిల్లీమీటర్లు. ఆమె వేళ్ళు నొప్పిలేకుండా మూసుకునే చోట 36. చిటికెన వేలి వద్ద మరల సన్నగా 29. సుత్తి, పారవంటి సాధనాలకు 30 నుంచి 40 మిల్లీమీటర్ల పిడి మంచిదని చేతిపనిముట్ల శాస్త్రం చెబుతుంది. నలభై ఏళ్ళ క్రితం ఆమె చేతికి సరిపోయిన పిడి ఇప్పుడు చేతికి అందక జారుతున్నదే గాని ఆమెకు చేత కాక కాదు. ఈ సంగతి ఆ రాత్రి ఆమెకు చెప్పాము. వెర్నియర్‌ను ఆమె చేతిలోకి తీసుకొని, మామయ్య వద్ద కూడ ఇలాంటిదే ఉండేదని చెప్పి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చారు.

మరునాడు స్టీలు డబ్బాలో పిండిముద్దతో కొలిమికి వెళ్ళాము. కొలతలు వ్రాసిన కాగితం కూడ ఇచ్చాము. లోహారు కాగితాన్ని చూడనే లేదు. పిండిలో అత్తయ్య వేళ్ళు పడిన గుంతలలో తన వేళ్ళను ఆనించి, రెండు నిమిషాలు కళ్ళు మూసుకున్నాడు. ఆ తరువాత బాడిసతో కొయ్య చెక్కడం మొదలుపెట్టాడు. గుండ్రంగా కాక కోడిగ్రుడ్డు కోతలాగ చేశాడు. గుండ్రని పిడి చేతిలో తిరుగుతుంది, కోలగా ఉన్నది తిరగదు, అలుగు ఏ వైపున్నదో చూడకుండానే చేతికి తెలుస్తుంది. వెనుక కొసను కొడవలి పిడికి ఉన్నట్లు ఉబ్బుగా వదిలాడు, అది చేతినుంచి జారిపోకుండా. ముందు, పొన్నుకు ఇవతల ఒక గట్టు నిలిపాడు, అది చెయ్యి అలుగు మీదకు పోకుండా. మా శ్రీమతి తన గుడ్డ కట్టిన వేలిని చూచుకొని, ఆ గట్టును మరికొంచెం ఎత్తుగా ఉంచమన్నది.

బిగించడం చూడదగిన పని. పాత తుప్పును ఆకురాయితో గీకి, కొనను శుభ్రం చేశాడు. పిడి రంధ్రంలో లక్క పొడి, మెత్తని ఇటుక పొడి కలిపి పోశాడు. కొనను కొలిమిలో వేడిచేసి రంధ్రంలోనికి దించగానే లక్క కరిగి, సందులన్నీ నిండి, ఒక పొగ వచ్చి, చల్లారేసరికి రాయి అయింది. అలుగు వేడెక్కి పదును పోకుండా దానికి తడిగుడ్డ చుట్టి ఉంచాడు. కుసుమ చెట్టు మీద, మోదుగ మీద, రేగు మీద పురుగులు పెట్టే ఈ లక్క ఛత్తీస్‌గఢ్ అడవుల పంట. మన దేశంలో పూర్వం ఖడ్గాల పిడులను కూడ ఇలాగే బిగించేవారు. లక్క నీటిని లోపలికి రానివ్వదు గనుక ఈసారి తుప్పు త్వరగా పట్టదు. ఒక్క జాగ్రత్త అవసరం. 70, 80 డిగ్రీల వేడికి లక్క మెత్తబడుతుంది. కనుక అటువంటి కత్తిని మరుగునీళ్ళలో వేయరాదు. పొన్నుకు పాత ఇత్తడి గొట్టం ముక్క కోసి వేశాడు. వార్నిష్ వేయమంటే వద్దన్నాడు, అది కూడ సబ్బుబిళ్ళే అవుతుందట. అవిసె నూనె రెండు పూతలు పూసి ఎండనిమ్మన్నాడు. అవిసె నూనె ఇతర నూనెలవలె జిడ్డుగా మిగలక గాలికి గడ్డకట్టి కొయ్యలో ఇంకిపోతుంది.

రెండు వందల యాభై రూపాయలు అడిగాడు. మా శ్రీమతికి బేరం ఆడకుండా కొనడం అలవాటు లేదు. నూట ఎనభై అనబోయి ఆగిపోయి, మా వైపు చూచి, "స్టేషనులో ఆ కథ మీరెందుకు చెప్పారు?" అన్నది. రెండు వందల యాభై ఇచ్చాము.

ఇంటికి తెచ్చి ఇస్తే, అత్తయ్య పట్టుకొని, బొటనవేలి క్రింద గట్టు ఒత్తుకుంటున్నదన్నారు. మళ్ళీ కొలిమికి వెళ్ళడానికి బద్ధకించి ఆలోచిస్తుండగా, ఆమే లోపలికి వెళ్ళి పగిలిన గాజు పెంకు ఒకటి తెచ్చి మా ముందు పెట్టారు. లోకోషెడ్డు ఫిట్టర్లు సుత్తి పిడులను గాజు పెంకుతోనే గీకి నునుపు చేసుకునేవారు. ఎవరి పిడి వారిది, ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. మెట్లమీద కూర్చొని గంటసేపు గీకాము. ప్రతి పది నిమిషాలకూ ఆమె పట్టుకొని చూచి, "ఇంకా," అనేవారు. ఆరవసారి ఏమీ అనకుండా కత్తితో లోపలికి వెళ్ళారు.

మూడవరోజు ఉదయం మేము లేచేసరికే వంటింట్లో టకటక వినిపిస్తున్నది. వంటగట్టు ముందు నిలబడి, మోచేతుల వరకు నూనె రాసుకొని, అరపనసకాయ పొట్టు కొడుతున్నారు. వేగం తక్కువే. నాలుగు దెబ్బలకొకసారి ఆగి వేళ్ళు చాపుకుంటున్నారు. మధ్యలో పెద్దకొడుకు ఫోను వచ్చింది. నూనె చేతులతో ఎత్తలేక, మా శ్రీమతిచేత ఎత్తించి, ఫోనును దగ్గర పెట్టించుకొని, మాట్లాడకుండా మరి కొన్ని దెబ్బలు కొట్టారు. "వినిపిస్తోందిరా?" అని అడిగారు. అవతల అతడేమన్నాడో మాకు వినరాలేదు. "మే నెల సంగతి మే నెలలో చూద్దాం," అన్నారు. ఆవ పెట్టిన పనసపొట్టు ఆ మధ్యాహ్నం తిన్నాము, కొంత డబ్బాలో పెట్టి ఇస్తే రైలులోనూ తిన్నాము.

చీలిన తునికి పిడి రెండు ముక్కలనూ మాకే ఇచ్చివేశారు. అవి ఇప్పుడు మా కార్యాలయపు బల్లమీద ఉన్నాయి. విశాఖలో మేము కొన్న కత్తి అక్కడనే ఉండిపోయింది. పాలపొట్లాల మూతి కోయడానికి బాగా పనికివస్తున్నదని అత్తయ్య క్రిందటి వారం ఫోనులో చెప్పారు.